రైఫిల్ బారెల్: ఎప్పుడు తుడవాలి, ఎప్పుడు ముట్టుకోకూడదు

అమెరికాలో ఏ షూటింగ్ రేంజ్‌కి వెళ్లినా ఈ వాదన చెవిన పడుతుంది. ఒకాయన 20 తూటాలు కాల్చగానే రాడ్డు, బ్రష్షు తీసి బారెల్ (తూటా దూసుకెళ్లే గొట్టం) తుడవడం మొదలుపెడతాడు. పక్క బెంచీలో ఉన్నాయన, తన రైఫిల్ బారెల్‌లోకి మూడేళ్లుగా బ్రష్ పోనివ్వలేదని గర్వంగా చెప్తాడు. ఇద్దరి టార్గెట్లూ చూస్తే రంధ్రాలు దగ్గరదగ్గరగానే ఉంటాయి. టెక్సస్‌లోనో జార్జియాలోనో హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తిచేసి, లైసెన్స్ తీసుకుని, మొదటి రైఫిల్ కొనుక్కుని డీర్ సీజన్‌కి తయారవుతున్న తెలుగు కుర్రాడు ఎవరి మాట వినాలో తెలియక తికమక పడతాడు.

ఆ ఇద్దరూ చెప్పేది నిజమే. వాళ్ల బారెళ్లు వేరు, తూటాలు వేరు, వాళ్లకు కావాల్సిన గురి కూడా వేరు. బెంచీ మీద కాల్చే పోటీ షూటర్‌కి పది తూటాలూ ఒకే చోట పడాలి. దానికి ముందు నాలుగు తూటాలు ఊరికే కాల్చి బారెల్‌ను దారికి తెచ్చుకునే వీలు అతనికి ఉంది. వేటగాడికి ఆ వీలు లేదు. నవంబరు చలిలో రాత్రంతా చల్లబడిన బారెల్ నుంచి వెళ్లే మొదటి తూటాయే అతనికి దిక్కు. అది నాలుగు అంగుళాలు పక్కకు పోతే, గుండెకో ఊపిరితిత్తులకో తగలాల్సింది పొట్టలో తగులుతుంది. ఆ జింక గాయంతో పొదల్లోకి పారిపోయి గంటల తరబడి నరకం చూసి చస్తుంది. బారెల్ తుడిచే ముచ్చట మీద ఇంత పెద్ద వ్యాసం ఎందుకంటే ఇందుకే.

కాబట్టి వేటగాడు "తుడవాలా, వద్దా" దగ్గర ఆగిపోకూడదు. ఇవాళ బారెల్ ఉన్న స్థితిలో మొదటి తూటా ఎక్కడికి వెళ్తుందో తనకు తెలుసా అని తనను తాను అడగాలి. తుడవడం గురించిన నిర్ణయాలన్నీ ఆ ప్రశ్న దగ్గర మొదలవ్వాలి.

(మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. అందుకే ఇక్కడ వేట ఉదాహరణలన్నీ అమెరికావి. ఇక్కడి రేంజ్‌లలో 0.22 అంగుళాల చిన్న తూటా వాడే పాయింట్ 22 రైఫిల్ కాల్చేవాళ్లకు పనికొచ్చే సంగతి కింద విడిగా రాశాను.)

బారెల్ లోపల ఏం జరుగుతుంది

జింకల వేటకు అక్కడ బాగా వాడే కాలిబర్లలో (తూటా కొలతల్లో) .308 వించెస్టర్ ఒకటి. దాని బారెల్ రంధ్రం 0.300 అంగుళాలు. ఆ రంధ్రం గోడలో మెలితిరిగిన గాళ్లు చెక్కి ఉంటాయి. ఒక గాడి అడుగునుంచి ఎదుటి గాడి అడుగుకు కొలిస్తే 0.308. అంటే ఒక్కో గాడి లోతు అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో 4 భాగాలు, సుమారు మిల్లీమీటరులో పదో వంతు. తూటా మందం 0.308 కాబట్టి గాళ్ల మధ్య ఉండే గట్లు దాని ఒంట్లోకి దిగబడి, దాన్ని తిప్పుతూ బయటికి పంపిస్తాయి. ఈ గాళ్లనూ గట్లనూ కలిపే రైఫ్లింగ్ అంటారు.

ట్రిగ్గర్ నొక్కాక లోపలి పీడనం చదరపు అంగుళానికి 62,000 పౌండ్ల దాకా వెళ్లొచ్చు. ఈ కాలిబర్‌కు అమెరికన్ తయారీదారుల సంఘం పెట్టుకున్న గరిష్ఠ హద్దు అది, మామూలు గాలి పీడనానికి 4,200 రెట్లు. తూటాలోని తుపాకీమందు మండే వేడి ఉక్కు కరిగే వేడికంటే ఎక్కువే. తూటా బారెల్‌లో ఉండేది సెకనులో వెయ్యో వంతుకు కాస్త అటూఇటూగా మాత్రమే, అందుకే ఉక్కు బతికిపోతోంది. పది అంగుళాలకు ఒక చుట్టు తిప్పే బారెల్ నుంచి సెకనుకు 2,800 అడుగుల వేగంతో వెళ్లే తూటా, నిమిషానికి 2 లక్షల చుట్ల లెక్కన తిరుగుతూ బయటపడుతుంది.

ఆ 2 లక్షలు గుర్తుపెట్టుకోండి. బారెల్‌లో అడ్డున్న ఏదో గడ్డ తూటా ఒంటిని ఒక పక్కన గీరిందనుకుందాం. బరువు మధ్యలోనుంచి ఇసుమంత పక్కకు జరుగుతుంది. ఉక్కు గోడల మధ్య ఉన్నంతసేపు దాని ఆటలు సాగవు. మూతి దాటిన క్షణంలో ఆ పట్టు పోతుంది, తూటా కొద్దిగా పక్కకు విసిరినట్టు వెళ్తుంది. మురికి గురిని చెడగొట్టే దారుల్లో ఇదొకటి. రెండో దారి రాపిడి. బారెల్ లోపల రాపిడి మారితే పీడనం మారుతుంది, పీడనంతో వేగం మారుతుంది, తూటా పైకో కిందికో పోతుంది. పైగా కాల్చిన ప్రతిసారీ బారెల్ వణుకుతుంది. ఆ వణుకులో మూతి ఎటు తిరిగి ఉన్నప్పుడు తూటా బయటపడిందన్నది కూడా వేగం మీదే ఆధారపడి ఉంటుంది.

ప్రతి తూటాకీ రాపిడి ఒకేలా ఉంటే, బారెల్ ఎంత నల్లగా ఉన్నా తూటాలు ఒకే చోట పడతాయి. మురికి మారుతూ ఉన్నప్పుడే చిక్కు. మూడేళ్లు తుడవని పెద్దమనిషి టార్గెట్ ఎందుకు బాగుందో ఇక్కడ అర్థమవుతుంది.

మసి వేరు, రాగి వేరు

మురికి అని ఒక్కమాటలో అనేస్తాం కానీ అందులో చాలా రకాలున్నాయి. ఒకదాన్ని తీసే సాల్వెంట్ (మురికిని కరిగించే ద్రావణం) ఇంకోదాన్ని ముట్టుకోదు.

మామూలు మసి సంగతి తేలిక. ఒకప్పటి నల్ల తుపాకీమందు (బ్లాక్ పౌడర్) కాలితే దాదాపు సగం బరువు ఘనపదార్థంగానే మిగిలేది. ఇప్పటికీ మజిల్‌లోడర్ (మూతి నుంచి మందు, తూటా దట్టించే తుపాకీ) సీజన్‌లో ఆ మందు వాడేవాళ్లు ఒకటి రెండు తూటాలకోసారి గుడ్డ పెట్టి తుడవకపోతే మరుసటి తూటా లోపలికి దిగదు. 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియెయ్ పొగరాని మందు కనిపెట్టాక ఆ బాధ చాలావరకు తీరింది. ఇప్పటి మందు ఎక్కువ భాగం గ్యాస్‌గానే పోతుంది. మిగిలిన మసి సాల్వెంట్ పెట్టిన నాలుగైదు గుడ్డ ముక్కలతో వచ్చేస్తుంది, వేట రైఫిల్‌లో గురికి పెద్దగా హాని చేయదు.

మసికి ఒక మొండి అన్న ఉన్నాడు. ఛాంబర్ (కాల్చే ముందు తూటా కూర్చునే గది) ముందు, తూటా రైఫ్లింగ్‌లోకి ఎక్కే చోటును త్రోట్ అంటారు. మంట నేరుగా తగిలేది అక్కడే. అక్కడ మసి పొరలు పొరలుగా కాలి, గట్టిపడి, ఉంగరంలా పేరుకుంటుంది. షూటర్లు దీన్ని కార్బన్ రింగ్ అంటారు. మామూలు సాల్వెంట్‌కి ఇది లొంగదు. ఇది పెరిగితే తూటా దారి ఇరుకై పీడనం పెరుగుతుంది. బోల్ట్ (ఛాంబర్‌ను వెనక నుంచి మూసే కడ్డీ) ఎత్తడానికి ఉన్నట్టుండి బలం పెట్టాల్సి రావడం, నిన్నటిదాకా బాగున్న తూటాలే ఇవాళ కేసు (మందును పట్టి ఉంచే ఇత్తడి గొట్టం) మీద ఎక్కువ పీడనం గుర్తులు చూపడం దీనివల్లే కావచ్చు. సప్రెసర్ (శబ్దం తగ్గించే గొట్టం) పెట్టి కాల్చేవాళ్లకు లోపలికి వెనక్కి వచ్చే మసి ఎక్కువ కాబట్టి ఇది ఇంకా త్వరగా వస్తుంది. గురి సంగతి పక్కన పెట్టినా భద్రత కోసమైనా దీన్ని వదలకూడదు. నానబెట్టే కార్బన్ సాల్వెంట్, కంచు బ్రష్, ఓపిక కావాలి.

ఇక రాగి. గొడవంతా దీనితోనే.

పొగరాని మందు ఇచ్చిన వేగాన్ని ఉత్త సీసపు తూటా తట్టుకోలేదు, గాళ్లలో చీలికలై రాలిపోతుంది. 1880లలో స్విట్జర్లాండ్‌కు చెందిన ఎడువార్డ్ రూబిన్ సీసానికి రాగి తొడుగు వేసి ఆ చిక్కు విప్పాడు. సీసం అంటుకోవడం తగ్గింది, బదులుగా తొడుగు అంటుకోవడం మొదలైంది. 20వ శతాబ్దం మొదట్లో సైన్యాలు వాడిన రాగి, నికెల్ మిశ్రమపు తొడుగులు బారెల్ మూతి దగ్గర గడ్డలు గడ్డలుగా పేరుకునేవి. వాటిని కరిగించడానికి బారెల్‌లో ఘాటైన అమ్మోనియా ద్రావణం పోసి ఉంచేవాళ్లు. 1921లో అమెరికా జాతీయ పోటీల కోసం ఫ్రాంక్‌ఫర్డ్ ఆర్సెనల్ అనే సైనిక కర్మాగారం తూటాల మీద తగరపు పూత వేసి చూసింది. మురికి తగ్గిన మాట నిజమే. కానీ నిల్వలో ఆ తగరం తూటాను కేసు మెడకు అతికించేసింది. దాని మీద షూటర్లు అలవాటుగా గ్రీజు కూడా రాసేసరికి పీడనం ప్రమాదకరంగా పెరిగింది. అక్కడితో తూటా మీద పూత ఆలోచన మానుకుని, తగరాన్ని మందులోనే కలపడం మొదలుపెట్టారు. ఫ్రెంచి ఫిరంగి దళాలు మొదటి ప్రపంచ యుద్ధంలోనే ఆ కిటుకు పట్టాయి. ఇప్పుడు హాడ్జ్‌డన్ సీఎఫ్ఈ 223 లాంటి మందుల్లో రాగి అంటకుండా చేసే పదార్థాలు కలిపి అమ్ముతున్నారు. ఆ కథకు ఇది కొనసాగింపు.

ఈనాటి తొడుగుల్లో ఎక్కువగా వాడేది సుమారు 95 పాళ్లు రాగి, 5 పాళ్లు జింకు కలిసిన మిశ్రమం. పాత నికెల్ తొడుగంత మొండిది కాదు, కానీ అంటుకుంటుంది. ఎంత అంటుకుంటుందన్నది బారెల్ లోపలి నునుపు మీద ఆధారపడి ఉంటుంది. మంచి కస్టమ్ బారెల్‌ను తయారీదారు లోపల సీసపు ముద్ద, రుద్దుడు పొడి పెట్టి చేత్తో నునుపు చేస్తాడు. దాన్ని ల్యాపింగ్ అంటారు. ఫ్యాక్టరీ బారెల్‌లో చాలాసార్లు పనిముట్ల గీతలు అలాగే ఉండిపోతాయి. త్రోట్ దగ్గర రీమర్ (రంధ్రం చెక్కే పనిముట్టు) వదిలిన గీతలు మరీ చెడ్డవి, అవి తూటా దారికి అడ్డంగా ఉంటాయి. అక్కడ గీరుకుపోయిన రాగిని వేడి గ్యాస్ మోసుకెళ్లి ముందు భాగంలో అతికిస్తుంది.

నునుపైన బారెల్‌లో రాగి మొదటి కొన్ని తూటాలకు కాస్త పేరుకుని ఒక స్థాయిలో ఆగిపోతుంది. వచ్చే రాగి, పోయే రాగి సమానమవుతాయి. కొత్త పెనం మీద మొదటి దోసెలు అంటుకుని, పెనం నూనె పట్టాక ఒకదాని తర్వాత ఒకటి చక్కగా లేచొచ్చినట్టే ఇదీ. అలాంటి బారెల్‌ను ప్రతి 20 తూటాలకూ ఉక్కు కనబడేలా తోమేస్తే ప్రతిసారీ మొదటి దోసె దగ్గరికే వెళ్తున్నట్టు లెక్క. గరుకు బారెల్‌ది వేరే కథ. అందులో రాగి ఆగదు. 30, 40 తూటాల తర్వాత గ్రూప్ (టార్గెట్ మీద రంధ్రాల గుంపు) విచ్చుకోవడం మొదలవుతుంది, తుడిచాక మళ్లీ కుదురుకుంటుంది. రేంజ్‌లో మాటిమాటికీ తుడిచే ఆయన దగ్గరున్నది బహుశా అలాంటిదే.

పూర్తిగా రాగితో చేసిన తూటాలు వచ్చాక ఈ లెక్క ఇంకా ముఖ్యమైంది. కాలిఫోర్నియా 2013లో చట్టం చేసి, 2019 జూలై 1 నుంచి రాష్ట్రమంతటా వేటలో సీసపు తూటాలను పూర్తిగా నిషేధించింది. వేటగాళ్లు వదిలేసిన పేగుల్లో సీసపు తునకలు తిని కాండోర్ రాబందులు చనిపోతున్నాయన్నది ఆ చట్టం వెనక ఉన్న ప్రధాన బాధ. అలా చాలామంది రాగి తూటాలకు మారారు. 1989లో బార్న్స్ కంపెనీ తెచ్చిన మొదటి తరం రాగి తూటాలకు బారెల్‌లో విపరీతంగా రాగి వదులుతాయనే పేరుండేది. తర్వాత తూటా ఒంటి చుట్టూ గాడులు పెట్టి, గోడకు తగిలే భాగం తగ్గించాక ఆ బాధ బాగా తగ్గింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఒక రకం తూటా నుంచి ఇంకో రకానికి మారినప్పుడు, పాత పొర మీద కొత్త లోహం పడి బారెల్ కొంతసేపు చంచలంగా ఉండొచ్చు. మారే ముందు రాగి పూర్తిగా తీసి, కొత్త తూటాలతో కొన్ని కాల్చి, స్కోప్ అప్పుడు సరిచేసుకోవడం మంచిది.

రాగి ఉందో లేదో కనిపెట్టడం కష్టమేమీ కాదు. బోల్ట్ తీసేసి, మూతి దగ్గర టార్చి వేసి ఏటవాలుగా చూడండి. గట్ల మీద ఎర్రటి చారలు సాగి కనిపిస్తాయి. ఆ తర్వాత సంగతి గుడ్డ ముక్కే చెప్తుంది. మొదటివి నల్లగా వస్తాయి, అది మసి. మసి పోయాక అమ్మోనియా ఉన్న సాల్వెంట్ పెట్టి కొన్ని నిమిషాలు ఆగి తీస్తే గుడ్డ నీలంగా వస్తుంది. ఇత్తడి బిందె మీద పట్టే చిలుము కంటే ముదురు నీలం. గుడ్డ తెల్లగా వచ్చేదాకా ఇంకా రాగి ఉన్నట్టే. ఒక హెచ్చరిక: గుడ్డను తోసే రాడ్డు కొన ఇత్తడిదైతే సాల్వెంట్ దాన్నీ కరిగిస్తుంది. బారెల్ శుభ్రమైపోయినా గుడ్డ నీలంగానే వస్తుంటుంది, మీరు గంటల తరబడి లేని రాగి కోసం తోముతూనే ఉంటారు. నైలాన్ కొన, నైలాన్ బ్రష్ వాడితే ఈ మోసం ఉండదు. ఘాటైన అమ్మోనియా సాల్వెంట్లను రాత్రంతా లోపల వదిలేయకూడదు. ఎంతసేపు ఉంచాలో సీసా మీదే ఉంటుంది, అంతే ఉంచాలి.

నూనె పెట్టిన బారెల్, మొదటి తూటా

చాలామంది పొరపాటు పడేది సీజన్‌కి ముందు రోజే. పండక్కి ఇల్లు కడిగినంత శ్రద్ధగా బారెల్ తోమి, మెరిసేలా చేసి, తుప్పు పట్టకుండా నూనె పూసి పెట్టెలో పెట్టుకుంటారు. మర్నాడు పొద్దున ఆ బారెల్ నుంచే కాలుస్తారు. అది రేంజ్‌లో స్కోప్ సరిచేసినప్పటి బారెల్ కాదు. అప్పుడు లోపల మసి, రాగి పొర ఉంది. ఇప్పుడు ఉత్త ఉక్కు, దాని మీద నూనె ఉన్నాయి. రాపిడి వేరు, పీడనం వేరు. కొన్ని రైఫిళ్లలో ఆ మొదటి తూటా అదే చోట పడుతుంది. కొన్నింటిలో 100 గజాల దగ్గరే రెండు అంగుళాలు పక్కకు పోతుంది, 250 గజాల దగ్గర ఆ తేడా ఐదు అంగుళాలవుతుంది. మీ రైఫిల్ ఏ రకమో కాల్చి చూస్తే తప్ప ఎవరూ చెప్పలేరు.

అందుకే అనుభవమున్న వేటగాళ్లు సీజన్‌కి రెండు మూడు వారాల ముందు బాగా తుడిచి, తర్వాత రేంజ్‌కి వెళ్లి, వేటలో వాడే తూటాలతోనే కొన్ని కాల్చి, స్కోప్ సరిచూసుకుంటారు. ఇక సీజన్ అయిపోయేదాకా బారెల్ లోపల బ్రష్ పెట్టరు. వానలో తడిస్తే తప్ప. తడిస్తే పొడి గుడ్డ, తర్వాత నూనె తడిపిన గుడ్డ ఒకటి, మళ్లీ పొడి గుడ్డ రెండు సరిపోతాయి. రాగిని ముట్టుకునే సాల్వెంట్ వాడకూడదు.

ఇందులో ఇంకో ప్రశ్న కలిసిపోయి ఉంటుంది, విడదీసి చూడాలి. చల్లటి బారెల్, శుభ్రమైన బారెల్ ఒకటి కావు. నిన్న కాల్చి తుడవకుండా ఉంచిన బారెల్ ఇవాళ చల్లగా ఉంటుంది కానీ శుభ్రంగా ఉండదు. ఆ స్థితిలో మొదటి తూటా కూడా కొన్ని రైఫిళ్లలో మిగతావాటికి కాస్త దూరంగా పడుతుంది. దానికి కారణం బారెల్ ఉక్కులో ఉన్న ఒత్తిడి కావచ్చు, రైఫిల్‌ను పట్టుకునే కట్టె భాగమైన స్టాక్ బారెల్‌ను ఒరుసుకోవడం కావచ్చు. ఎక్కువసార్లు అసలు కారణం మనిషే, మొదటి తూటాకి భుజం ఇంకా కుదురుకోదు. మురికి మీద నింద వేసే ముందు ఇవి చూసుకోవాలి.

తుడవడమే చేసే హాని

తూటాల వల్ల అరిగిపోయే బారెళ్లు ఎన్నో చెప్పలేను గానీ, తుడవడం రాక పాడైనవి మాత్రం పాత రైఫిళ్ల బజారులో కావలసినన్ని ఉంటాయి. అన్నిటికంటే సుకుమారమైన చోటు మూతి అంచు. క్రౌన్ అంటారు. తూటా వెనక భాగం మూతిని వదిలే క్షణంలో వెనక నుంచి గ్యాస్ చుట్టూ సమానంగా బయటికి తన్నాలి. అంచు ఒక పక్కన అరిగి ఉంటే గ్యాస్ ముందు ఆ పక్క నుంచి తన్నుకొస్తుంది, తూటా ఒరిగిపోతుంది. మూతి వైపు నుంచి రాడ్డు దూర్చి, వంకరగా రుద్దుతూ ఏళ్ల తరబడి తుడిస్తే జరిగేది ఇదే. మూడు ముక్కలు బిగించుకునే అల్యూమినియం రాడ్లు మరీ ప్రమాదం. మెత్తని లోహంలో ఇసుక రేణువులు దిగబడి రాడ్డు కాస్తా ఆకురాయిలా తయారవుతుంది. అతుకుల దగ్గర అది వంగి గట్లను గీరుతుంది.

బోల్ట్ యాక్షన్ రైఫిల్ అయితే వెనక నుంచి, ఛాంబర్ వైపు నుంచే తుడవాలి. ఒకే ముక్కగా ఉన్న, పూత వేసిన ఉక్కు రాడ్డు కావాలి. రాడ్డును మధ్యలో నిలబెట్టడానికి బోల్ట్ స్థానంలో పెట్టే ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది, దాన్ని బోర్ గైడ్ అంటారు. మురికి సాల్వెంట్ ట్రిగ్గర్‌లోకి కారకుండా ఆపేదీ అదే. గుడ్డ మూతి దాటాక తీసేసి, రాడ్డును ఒట్టిగా వెనక్కి లాగాలి. లివర్ యాక్షన్ (కింది మీట లాగి తూటా ఎక్కించేవి), కొన్ని సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు వెనక నుంచి తెరుచుకోవు. వాటికి వెనక నుంచి మూతి వైపు లాగే తాడు బ్రష్ నయం. స్టీలు బ్రష్ మాత్రం దేనికీ వద్దు.

కొత్త బారెల్ కొన్నప్పుడు ఒక తూటా కాల్చి తుడవడం, మళ్లీ ఒకటి కాల్చి తుడవడం అనే తంతు ఒకటి ఉంది. కొందరు బారెల్ తయారీదారులే ఇలా చేయమంటారు. త్రోట్ దగ్గరి గీతలు మధ్యలో రాగి నిండకుండా నునుపవుతాయన్నది వాళ్ల తర్కం. వేరే తయారీదారులు ఇదంతా అనవసరం అంటారు. నా అభిప్రాయం అడిగితే, ల్యాపింగ్ చేసిన బారెల్‌కి రెండు మూడుసార్లు చాలు, అది కూడా రాగి ఎంత వస్తోందో చూడటానికే. గరుకు ఫ్యాక్టరీ బారెల్ ఈ తంతుతో మారిపోదు, వందల తూటాలు పోయాక తనంతట తాను కాస్త నునుపవుతుంది.

పాయింట్ 22 వాళ్లకు

2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చాక మన దగ్గర రైఫిల్ పట్టిన పిల్లలకు కొదవ లేదు. ఎయిర్ రైఫిల్‌లో మందే లేదు, మసి, రాగి బాధ అక్కడ లేదు. కాస్త సీసం, కాస్త గ్రీజు తప్ప. ఊలు ముద్దలు తోస్తే పోతుంది.

పాయింట్ 22 రైఫిల్ దగ్గరికి వస్తే లెక్క మళ్లీ మారుతుంది. ఆ తూటాలకు సాధారణంగా తొడుగు ఉండదు, ఉత్త సీసం మీద మైనమో కొవ్వో పూసి ఉంటుంది. కాలుస్తున్నకొద్దీ ఆ మైనం బారెల్ అంతా పలుచగా పరుచుకుంటుంది. గురి దాని మీదే నిలబడి ఉంటుంది. ఒక కంపెనీ తూటాల నుంచి ఇంకో కంపెనీకి మారితే పాత మైనం పోయి కొత్తది పరుచుకునేదాకా, అంటే చాలా తూటాల వరకు, గ్రూప్ కుదరదు. అరపెట్టె కాల్చి "ఈ తూటాలు మన రైఫిల్‌కి పడవు" అని తేల్చేయడం తొందరపాటు. పోటీకి గంట ముందు బారెల్ కడగడం అంతకంటే పెద్ద తప్పు. అలాగని అసలు ముట్టుకోకూడదు అనీ కాదు. త్రోట్ దగ్గర గట్టి కార్బన్ ఇక్కడా పేరుకుంటుంది, దాన్ని అప్పుడప్పుడు తీయాల్సిందే.

మీ రైఫిల్ మాట ఎలా వినాలి

మురికి గురించి జరిగే వాదనల్లో చాలావరకు మూడు తూటాల గ్రూప్ చూసి జరిగేవే. ఒకే రైఫిల్, ఒకే తూటాలు, ఒకే మనిషి. అయినా 100 గజాల దగ్గర ఒక గ్రూప్ ముప్పావు అంగుళం, తర్వాతది అంగుళంన్నర రావడం మామూలు. ఈ రెండింటి మధ్య ఎవరైనా బారెల్ తుడిచి ఉంటే, ఫలితం చెడ్డదైతే "తుడవడం వల్లే చెడింది" అంటాడు, మంచిదైతే "తుడవడం వల్లే కుదిరింది" అంటాడు. మూడు రంధ్రాలకు అంత పెద్ద విషయం చెప్పే శక్తి లేదు.

దీనికి ఒక మంచి పద్ధతి ఉంది, ఖర్చు కూడా తక్కువ. రేంజ్‌కి వెళ్లిన ప్రతిసారీ ముందుగా, చల్లటి బారెల్‌తో, ఒకే ఒక్క తూటా కాల్చండి. దాన్ని ప్రతిసారీ అదే టార్గెట్ కాగితం మీద కాల్చండి. కాగితాన్ని ఇంటికి తెచ్చుకుని దాచుకోండి, రంధ్రం పక్కన తేదీ, బారెల్ స్థితి రాయండి: తుడవనిది, తుడిచింది, నూనె పెట్టింది. అలా ఎనిమిదో పదో రంధ్రాలు పోగయ్యాక ఆ కాగితం చెప్పే నిజం ముందు ఎవరి వాదనా నిలవదు. తుడవని బారెల్ రంధ్రాలన్నీ ఒక గుంపుగా, తుడిచినవి పైన విడిగా పడి ఉంటే మీకు సమాధానం దొరికినట్టే. రెండూ కలిసిపోయి ఉంటే ఇక ఆ విషయం మీద టెన్షన్ పడాల్సిన పని లేదు. ఎన్ని తూటాల తర్వాత గ్రూప్ విచ్చుకుంటోందో కూడా రాసుకుంటే, ఎప్పుడు తుడవాలో ఆ అంకే చెప్తుంది.

గురి ఉన్నట్టుండి చెడితే మాత్రం ముందు సాల్వెంట్ సీసా వైపు చేయి చాపకండి. స్కోప్ మౌంట్ మరలు, స్టాక్‌ను పట్టి ఉంచే మరలు, మూతి అంచు, ఈ మూడూ చూడండి. మురికి వల్ల వచ్చే చెడు చాలామటుకు నెమ్మదిగా వస్తుంది. నిన్న ఒక అంగుళం, ఇవాళ నాలుగు అంగుళాలు అంటే ఎక్కడో మర వదులైందని అనుమానించడమే మంచిది.

తుప్పు విషయంలో మాత్రం ఏ వాదనా లేదు. పాత సోవియట్ సైనిక తూటాల్లాంటి వాటిలో కొన్నింటి ప్రైమర్లు (మందును వెలిగించే చిన్న బిళ్లలు) కాలాక బారెల్‌లో ఉప్పు వదులుతాయి. ఆ ఉప్పు గాలిలో తేమను పీల్చి ఒక్క రాత్రిలోనే ఉక్కును తినడం మొదలుపెడుతుంది. ఉప్పు నూనెలో కరగదు, నీళ్లలోనే కరుగుతుంది. కాబట్టి ముందు నీళ్లతో కడిగి, ఆరబెట్టి, తర్వాతే నూనె పెట్టాలి. ఇప్పటి మామూలు తూటాలకు ఆ భయం లేదు. అయినా అమెరికా దక్షిణాన ఉన్న గల్ఫ్ తీరం లాంటి ఉక్కపోత ప్రాంతాల్లో ఉండేవాళ్లు సీజన్ అయ్యాక తుడిచి, పలుచగా నూనె పట్టించి పెట్టాలి. స్టెయిన్‌లెస్ బారెల్ అయినా సరే, దానికీ తుప్పు పడుతుంది, ఆలస్యంగా పడుతుందంతే.

ఆ నూనె పెట్టిన రైఫిల్ మళ్లీ బయటికి తీసిన రోజు చేయాల్సిన పని ఒకటుంది, దీన్ని ఎంత పట్టుబట్టి చెప్పినా తక్కువే. తుపాకీలో తూటా లేదని చూసుకుని, బోల్ట్ తీసేసి, బారెల్‌లోనూ ఛాంబర్‌లోనూ పొడి గుడ్డ తోసి నూనె మొత్తం తీసేయాలి. ఛాంబర్‌లో నూనె ఉంటే కేసు గోడకు పట్టు దొరక్క బోల్ట్ మీద భారం పెరుగుతుంది. బారెల్‌లో చిక్కటి నూనె నిలిచి ఉన్నా, తెగి ఉండిపోయిన గుడ్డ ముక్క ఉన్నా, నేలకు తగిలి మూతిలో మట్టో మంచో చేరినా పీడనం బారెల్‌ను ఉబ్బించగలదు, చీల్చగలదు. గుడ్డ తోశాక ఛాంబర్ వైపు నుంచి వెలుతురుకేసి చూసి, అవతలి చివర గుండ్రంగా, అడ్డేమీ లేకుండా కనబడిన తర్వాతే మొదటి తూటా పెట్టండి.